సమాధానం: నెలలోపు పాప తొడ మీద గడ్డ, కాలు తీసేస్తారా?

మొదట రక్తనాళాల గడ్డ అని, ఇప్పుడు బయాప్సీలో 'స్పిండిల్ సెల్ ట్యూమర్' (కదురు ఆకారపు కణాల గడ్డ) అన్నారంటే, ముందుగా అనుమానించాల్సింది ఇన్‌ఫాంటైల్ ఫైబ్రోసార్కోమా, అంటే పసిపిల్లల్లో మెత్తటి కణజాలంలో వచ్చే ఒక క్యాన్సర్. రక్తనాళాల గడ్డా, ఇదీ ఎర్రగా, బిగుతుగా ఒకేలా ఉంటాయి, డాక్టర్లూ పొరబడతారు. పెద్దవాళ్లకొచ్చే సార్కోమా (కండ, కొవ్వు లాంటి కణజాలాల క్యాన్సర్) లెక్కలు దీనికి పెట్టుకోకండి, ఇది వేరేచోటికి పాకడం అరుదు. కాలు తీసే మాట ఇప్పుడే వద్దు.

చాలామంది వదిలేసేది ఎన్‌టీఆర్‌కే ఫ్యూజన్ పరీక్ష, అంటే గడ్డ కణాల్లో ఎన్‌టీఆర్‌కే జన్యువు వేరే జన్యువుతో అతుక్కుందా అని చూసేది.

1. బయాప్సీ చేసిన ల్యాబ్‌లో స్లైడ్లతోపాటు పారాఫిన్ బ్లాక్ కూడా అడిగి తీసుకోండి. బయాప్సీ తునకని దాచి, చిన్న ప్లాస్టిక్ క్యాసెట్‌కి అంటించిన మైనం ముక్క అది. వాళ్లంతట వాళ్లు ఇవ్వరు. ఉత్త రిపోర్టు పట్టుకెళ్తే పాపకి మళ్లీ బయాప్సీ చేయాల్సి రావచ్చు.
2. ఆ బ్లాక్ మీదే ఈటీవీ6-ఎన్‌టీఆర్‌కే3 (ఈ గడ్డలో ఎక్కువగా కనిపించే జన్యువుల అతుకు) కోసం ఫిష్ (FISH) లేదా ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ అనే జన్యు పరీక్ష చేయించమనండి.
3. సర్జన్ డేట్ ఇచ్చేసినా సరే, ముందు బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లల విభాగానికి చూపించండి. పరీక్ష పాజిటివ్ వస్తే ఆ అతుకు మీదే పనిచేసే లారోట్రెక్టినిబ్ మందు గురించి అడగండి, పసిపిల్లలకి సిరప్‌లా పట్టొచ్చు. ఖరీదెక్కువే, అక్కడి సోషల్ వర్కర్‌ని కలవండి. ఆ మందు కుదరకపోతే విన్‌క్రిస్టిన్, యాక్టినోమైసిన్-డి అనే కీమో మందులతో గడ్డ కుదించి, తర్వాతే ఆపరేషన్ చేయడం మామూలు.

గడ్డ పుండుపడి రక్తం కారినా, పాప పాలిపోయినా అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లండి.