టికెట్ మీద రెండున్నర గంటలు, గాలిలో నాలుగు

ప్రశ్న: మా తమ్ముడు దుబాయ్ పోతున్నాడు. శంషాబాద్‌లో ఉదయం 10.00కు ఎక్కితే 12.30కే దిగుతాడని టికెట్‌లో ఉంది. తిరిగొచ్చేటప్పుడు మధ్యాహ్నం 2.00కు ఎక్కి రాత్రి 7.00కు దిగుతాడట. దారి ఒక్కటే కదా, పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదా?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: టికెట్ మీద ఏ ఊరి వేళ ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అక్కడి 12.30 మనకు 2.00, అంటే పోవడానికి నాలుగు గంటలు. అక్కడి 2.00 మనకు 3.30, అంటే రావడానికి మూడున్నర. ముందు రెండు వేళల్నీ ఒకే గడియారంలోకి మార్చుకుని, ఆ తర్వాతే తీసివేత చేయాలి.

ఇంకా మిగిలిన అరగంట తేడా గాలిది. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశమార్గంలో దాదాపు 2,550 కి.మీ. విమానాలు ఎగిరే ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, గాలి పడమటి నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది. విమానం వేగం గంటకు 850 కి.మీ., పడమటనున్న దుబాయ్‌కి పోయేటప్పుడు ఎదురుగాలి 80 అనుకుంటే చేతికి మిగిలేది 770. ఆ లెక్కన 3 గంటల 19 నిమిషాలు. అదే గాలి వెనక నుంచి తోస్తే 930, అప్పుడు 2 గంటల 45 నిమిషాలు. వానాకాలంలో దక్కన్ మీద పైగాలి తూర్పు నుంచి వీస్తుంది గనుక ఈ తేడా తగ్గుతుంది.

టికెట్ సమయంలో గాలిలో ఉన్నంతసేపే కాదు, రన్‌వే దాకా పాకడం, వరుసలో ఆగడం కూడా కలిసి ఉంటాయి. పైగా పదివేల అడుగుల కింద గంటకు సుమారు 460 కి.మీ. దాటకూడదన్నది సాధారణ నియమం. అందుకే దూరాన్ని వేగంతో భాగించగా వచ్చినదానికి అరగంట నుంచి నలభై నిమిషాలు కలుపుకోవాలి.

ప్రశ్న: 15వ తేదీ రాత్రి 1.30కి విమానం. నల్లగొండలో ఎప్పుడు బయలుదేరాలి?

జవాబు: 14వ తేదీ సాయంత్రం! చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 15 రాత్రి పోతే మీ విమానం ఆ రోజు తెల్లవారకముందే వెళ్లిపోయి ఉంటుంది. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందుండాలి, అంటే 14 రాత్రి 10.30కి. నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వచ్చి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కండి. దారికి రెండున్నర గంటలు, చేతిలో ఒక అరగంట వేసుకుని 7.30కే ఇల్లు కదలండి. సంక్రాంతి ముగిసి జనం నగరానికి తిరిగొచ్చే రోజుల్లో పంతంగి టోల్‌గేట్ దగ్గర బండ్లు బారులు తీరతాయి, ఇంకో గంట కలుపుకోండి. పండక్కి ముందైతే రద్దీ మీకు ఎదురు దిశలో ఉంటుంది. చెక్-ఇన్ కౌంటర్ విమానానికి గంట, గంటంబావు ముందే మూస్తారు, ఆ తర్వాత బతిమాలినా పని కాదు.

ప్రశ్న: మహబూబ్‌నగర్ నుంచి ముంబైకి విమానంలో గంటన్నరే కదా?

జవాబు: శంషాబాద్ నుంచి 620 కి.మీ., గంటన్నరే. ఇంటి నుంచి శంషాబాద్‌కు రెండు గంటలు, అక్కడ ఎదురుచూపులకు రెండు, దిగాక సామాను తీసుకుని ముంబైలో ఇల్లు చేరడానికి ఇంకో గంటన్నర. మొత్తం ఏడు గంటలు. రాత్రి బస్సులో నిద్రపోగలిగేవాళ్లకు ఇందులో మిగిలేది తక్కువే.