సొంత వెబ్‌సైట్ పెడుతున్న సింధుకి

సింధూ,

నీ పేరుతో వెబ్‌సైట్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది, అందుకే ఈ ఉత్తరం.

డొమైన్ (నీ సైట్ పేరు) రెన్యువల్ తేదీ రాసిపెట్టుకో. సైట్ మొత్తం కాపీ ఒకటి ఇంట్లో ఉంచుకో.

అక్షరాల సంగతి మాత్రం కాస్త ఓపిగ్గా విను. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, మా డీటీపీ సెంటర్లలో చాలా ఏళ్ళు పాత ఫాంట్లే నడిచాయి. వాటిలో పైకి కనిపించేది తెలుగే గానీ కంప్యూటర్‌కి తెలిసేది ఇంగ్లీషు అక్షరాలే. ఒక పత్రిక వాళ్ళు అదే మేటర్ తెచ్చి నెట్‌లో పెట్టారు. ఆ ఫాంట్ లేని వాళ్ళకి అంతా పిచ్చి గీతలే. పాఠకులు మొత్తుకుంటే, పేజీలన్నీ స్కాన్ చేసి బొమ్మలుగా పెట్టారు. అప్పటికే మీ పెదనాన్నకి గ్లకోమాతో చూపు పోయింది, తెర మీది అక్షరాలని చదివి వినిపించే ప్రోగ్రామ్ ఎన్‌వీడీఏ పెట్టుకుని వినడం నేర్చుకున్నారు. అది ఇక్కడ బొమ్మ ఉందని చెప్పి ఊరుకునేది. అందులో ఆయన రాసిన వ్యాసమే ఉంది. తన వ్యాసం తనే వినలేకపోయారు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఆ పత్రిక మూతపడింది. వాటిని మళ్ళీ టైప్ చేసినవాళ్ళు లేరు.

అందుకని, ఎంత అందంగా ఉన్నా అక్షరాలని బొమ్మగా పెట్టకు. ఫొటో పెడితే అందులో ఏముందో, బొమ్మకి బదులు చదివి వినిపించే ఆల్ట్ టెక్స్ట్‌లో ఒక వాక్యం రాయి. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని చెప్పు, లేకపోతే చదివే గొంతు తడబడుతుంది. లేత బూడిద రంగు అక్షరాల మోజు వద్దమ్మా, అక్షరాలకీ వెనక రంగుకీ వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. వరసల మధ్య ఎడం ఎక్కువివ్వు, మన వత్తులు కింది వరసకి తగులుతాయి.

ఫాంట్ ఫైలు నీ సర్వర్‌లోనే పెట్టుకో. మండలి లాంటివి ఉచితమే. గూగుల్ నుంచి నేరుగా ఫాంట్ తెప్పిస్తే, చదివేవాళ్ళ ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో వాళ్ళ కనెక్షన్ నంబరు, అక్కడికి వెళ్తుంది. అలా చేసినందుకే 2022 జనవరిలో మ్యూనిక్ కోర్టు ఒక సైట్ వాళ్ళని 100 యూరోలు కట్టమంది. ఎవరొచ్చారో లెక్కపెట్టే ట్రాకర్లు నీకెందుకు? నచ్చినవాళ్ళు ఈమెయిల్ రాస్తారు.

ఇక నాకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఇది. ఒంటరిగా ఉంటున్నావు. రెజ్యూమె పీడీఎఫ్‌లో ఫోన్ నంబరు, ఇంటి అడ్రస్ తీసెయ్. ఫోన్‌తో తీసిన ఫొటోలో ఆ చోటు వివరం దాగి ఉండొచ్చు, అది తుడిచాకే పెట్టు. డొమైన్ కొనేటప్పుడు ఇచ్చే అడ్రస్ బయటికి కనిపిస్తుందేమో ముందే అడుగు. చాదస్తం అనుకున్నా సరే, ఈ మూడూ నా మాట విను తల్లీ.

తయారవగానే లింకు ముందు పెదనాన్నకి పంపు. మౌస్ ముట్టుకోకుండా ట్యాబ్ కీతోనే మొత్తం తిరిగి చూస్తానన్నారు. ఎక్కడైనా ఆగిపోతే నీకే ఫోన్ చేస్తారు, క్లాసులో ఉన్నా ఎత్తు.

నీ పెద్దమ్మ