టెక్ సందేహాలు: పాత కారుకి చేత్తో లాగే చోక్ మేలా, ఆటోమేటిక్ మేలా?

ప్రశ్న: నాన్నగారి ప్రీమియర్ పద్మిని ఇంకా మా దగ్గరే ఉంది. ఆదివారాలే బయటికి తీస్తాం. స్టార్ట్ కావడానికి చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది. మా అబ్బాయి నడిపితే చోక్ నాబ్ లోపలికి నెట్టడం మర్చిపోతాడు. ఆటోమేటిక్ చోక్ ఉన్న వేరే కార్బురేటర్ వేయించుకోమని మెకానిక్ అంటున్నాడు. వేయించమంటారా?
- ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: వద్దండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. ఏ ఒక్కదానికీ కార్బురేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) మార్చాల్సిన పని లేదు.

మొదటిది, వారం ఆగిన బండి మొరాయించడం. దీనికి చోక్ (చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ అందించే ఏర్పాటు) కారణం కాకపోవచ్చు. కార్బురేటర్ పక్కన ఫ్లోట్ చాంబర్‌లో నిలవ ఉండే కాస్త పెట్రోలు వారం రోజుల్లో చాలావరకు ఆవిరైపోతుంది. మీ పెట్రోల్ పంప్ ఇంజిన్ తిరిగితేనే పనిచేసే రకం. అందుకే ఆ చాంబర్ నిండేదాకా సెల్ఫ్ కొడుతూనే ఉండాలి. ఆటోమేటిక్ చోక్ పెట్టినా ఇంతే సమయం పడుతుంది, మధ్యలో నలిగిపోయేది బ్యాటరీ. మీ పంప్ కింద చేత్తో నొక్కే చిన్న లివర్ ఉందేమో చూడండి. ఉంటే, వచ్చే ఆదివారం తాళం తిప్పేముందు దాన్ని కొన్నిసార్లు నొక్కండి. చాంబర్ నిండగానే లివర్‌లో బిగువు పోయి వదులుగా ఆడుతుంది. అప్పుడు చోక్ లాగి స్టార్ట్ చేయండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇక చోక్ సంగతి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు సరిగా ఆవిరి కాదు. చాలా భాగం మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి ఇంజిన్‌లోకి వెళ్లే గొట్టం) గోడలకే అంటుకుపోతుంది. వేడెక్కిన ఇంజిన్‌కి మామూలు పెట్రోలైతే బరువు లెక్కన ఒక వంతుకు 14.7 వంతుల గాలి సరిపోతుంది. చల్లటి ఇంజిన్‌లో ప్లగ్ దాకా వచ్చే ఆవిరి మండాలంటే అంతకన్నా ఎన్నో రెట్లు పెట్రోలు పంపాలి. చోక్ చేసే పని ఇదే.

అయితే నాబ్ అన్ని కార్లలో ఒకేలా పనిచేయదు. కొన్నింటిలో అది కార్బురేటర్ మూతి దగ్గర ఒక ఫ్లాప్ మూసి గాలిని తగ్గిస్తుంది. పాత అంబాసిడర్లు కొన్నింటిలో ఉన్న ఎస్‌యూ కార్బురేటర్‌లో ఫ్లాపే ఉండదు, నాబ్ లాగితే జెట్ (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం ఉన్న భాగం) కిందికి జరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. సోలెక్స్ రకాలు చాలావాటిలో స్టార్టింగ్ కోసమే విడిగా ఒక చిన్న దారి, దానికో జెట్ ఉంటాయి. మీ బండిలో ఏ రకమో తెలుసుకోవడం సులువే. ఇంజిన్ ఆపి ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి, అబ్బాయిని నాబ్ లాగమని మీరు పైనుంచి చూడండి. ఫ్లాప్ కదిలితే మొదటి రకం. ఏమీ కదలకుండా, పక్కనున్న లివర్ మాత్రమే తిరిగితే విడి దారి ఉన్న రకం. ఈ విడి దారి రకమైతే ఒక విషయం తప్పకుండా గుర్తుంచుకోండి: స్టార్ట్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు పెట్టొద్దు. థ్రోటిల్ (యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకునే తలుపు) మూసి ఉంటేనే ఇంజిన్ ఆ దారిలోంచి పెట్రోలు బలంగా లాగుతుంది. కాలు పెడితే ఆ లాగుడు పోతుంది. నాబ్ పూర్తిగా లాగి, కాలితో రెండుసార్లు పంప్ చేసి, చోక్ పనిచేయడం లేదని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

మన ఊళ్లో చోక్ అవసరమే తక్కువ. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 13, 14 డిగ్రీలకు దిగితే ఒకటి రెండు నిమిషాలు కావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇంజిన్ అందుకోగానే నాబ్ లోపలికి నెట్టేయొచ్చు. దీనికోసం అసలు కార్బురేటర్ పీకి, వేరే కొలతలున్నది తగిలించి, జెట్లు మళ్లీ కుదిర్చి, లింకేజ్ తంటాలు పడటం నాకు సబబు అనిపించదు. పైగా ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ ఆవిరి కావడానికి ఎక్కువ వేడి కావాలి, పాత జెట్లతో మిశ్రమం కాస్త పలచబడుతుంది కూడా. చలికాలంలో ఇంజిన్ వణికితే మీరు నాబ్‌ని ఇంకో పావు నిమిషం పట్టి ఉంచగలరు. ఆటోమేటిక్ చోక్‌ని నడిపేది వేడికి కదిలే ఒక స్ప్రింగ్, దానికి వేడి తప్ప ఇంకేమీ తెలియదు. (పంప్ డయాఫ్రమ్ అంటే లోపలి పొర, రబ్బరు పైపులు పాతవైతే ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించండి. ఇది చోక్ కన్నా ముఖ్యం.)

అబ్బాయి మర్చిపోవడం మాత్రం చిన్న విషయం కాదు. చోక్ లాగి ఉంచే తిరిగితే ప్లగ్‌లు మసిబారతాయి, సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని పెట్రోలు కడిగేస్తుంది, అది కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌ని పలచన చేస్తుంది. దీనికి మందు డ్యాష్‌బోర్డ్ మీద ఒక చిన్న లైటు. నాబ్ వెనక స్విచ్ పెట్టించి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడు నాబ్ బయటికి ఉంటే లైటు వెలిగేలా చేయించండి. మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌కి పెద్ద పని కాదు.

ప్రశ్న: నాది 12 వోల్టుల ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. ఆటోమేటిక్ చోక్. పది నిమిషాలు నడిచినా నల్ల పొగ ఆగదు. మాన్యువల్‌కి మార్చేయనా?
- సైనిక్‌పురి

జవాబు: మార్చకండి. బీటిల్‌కి 1961 మోడల్ నుంచే ఆటోమేటిక్ చోక్ వచ్చింది, మీ కార్బురేటర్‌ని దానికోసమే తయారు చేశారు. గుండ్రటి మూతలో రెండు లోహాలు కలిసిన స్ప్రింగ్, దాన్ని వేడిచేసే కాయిల్ ఉంటాయి. కాయిల్ వేడెక్కకపోతే ఫ్లాప్ తెరుచుకోదు, మీ పొగకి ఎక్కువ అవకాశమున్న కారణం అదే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు యాక్సిలరేటర్ ఒకసారి నొక్కి వదిలి, ఫ్లాప్ మూసుకుందో లేదో చూడండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి ఆ మూతని తాకండి. కొద్ది నిమిషాల్లో వెచ్చబడి ఫ్లాప్ నిలువుగా తెరుచుకోవాలి. వెచ్చబడకపోతే వైరుకి కరెంటు వస్తోందా అని టెస్టర్‌తో చూడండి. వస్తుంటే కాయిల్ పోయినట్టే. కొత్తది కొనేటప్పుడు 6 వోల్టులదా, 12 వోల్టులదా అని తప్పకుండా చూసుకోండి. పొరపాటున 6 వోల్టులది వేస్తే త్వరగా కాలిపోతుంది.

ఇంకో మాట. చలికాలం సాయంత్రం ఇరానీ హోటల్ ముందు అరగంట ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఇబ్బంది పెడుతుందేమో గమనించండి. ఇంజిన్ వేడిగానే ఉంటుంది, బయటున్న స్ప్రింగ్ మాత్రం చల్లారి ఫ్లాప్‌ని కొంత మూసేస్తుంది. అప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి అలాగే పట్టి ఉంచి సెల్ఫ్ కొట్టండి. పంప్ చేయకండి.

ప్రశ్న: అంబాసిడర్‌లో చోక్ నాబ్ లాగితే నిలవడం లేదు, వెనక్కి పోతోంది. బట్టల క్లిప్ పెట్టి నడుపుతున్నా.
- బోయిన్‌పల్లి

జవాబు: క్లిప్ తీయడం మర్చిపోతే చోక్ పనిచేస్తూనే ఉండిపోతుంది, కాబట్టి కేబులే మార్చేయండి. రాణిగంజ్‌లో అడగండి, పాత కేబుల్ చేతిలో పట్టుకెళ్తే పొడవు చూసి ఇస్తారు. బిగించేటప్పుడు నాబ్ పూర్తిగా లోపలికి నెట్టి, కార్బురేటర్ దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్ల వదులు ఉంచమనండి. టైట్‌గా బిగిస్తే నాబ్ లోపలే ఉన్నా చోక్ కొంచెం పనిచేస్తూనే ఉంటుంది, మైలేజ్ ఎందుకు పడిపోయిందో ఎవరికీ అంతుపట్టదు.