హ్యారీ పాటర్‌ను గిలియమ్ తీసి ఉంటే: వ్యాసం రాయబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

హ్యారీ పాటర్ తొలి చిత్రాన్ని క్రిస్ కొలంబస్‌కు బదులు టెర్రీ గిలియమ్ తీసి ఉంటే ఎలా ఉండేదో రాస్తానన్నావు. రచయిత్రి రౌలింగ్ మొదట కోరుకున్నది గిలియమ్‌నేనన్న సంగతి ప్రసిద్ధమే కనుక నీ ఊహకు పునాది ఉంది. అయితే ఇలాంటి వ్యాసాలు చాలావరకు దర్శకుడి పాత సినిమాల్లోని మెరుపులను ఏరుకొచ్చి కొత్త కథకు అతికించడంతోనే సరిపెట్టుకుంటాయి. ఆ దారిన పోవద్దు.

దర్శకుడు ఎవరైనా మారనివి ఏవో ముందు తేల్చుకో. 2001 నవంబరులో తొలి చిత్రం విడుదలయ్యేనాటికి ఏడు నవలల్లో నాలుగే వెలువడ్డాయి. ముగింపు తెలియని కథలో ఎవరిని వదిలేస్తే తరువాత ఇరుకున పడతామో చెప్పలేని స్థితి అది. అయిదో చిత్రం స్క్రిప్టులో క్రీచర్ అనే ఇంటి సేవక జీవి పాత్రను తీసేయబోతే, మున్ముందు అతనితో పని పడుతుందని రౌలింగే వారించవలసి వచ్చింది. గిలియమ్ ఎంత స్వతంత్రుడైనా ఈ కట్టుబాటు అతనికీ తప్పేది కాదు.

దర్శకుడి మార్పు వల్ల ఏమి మారుతుందో చూడటానికి 2004లో అల్ఫోన్సో కువరోన్ తీసిన మూడో చిత్రాన్ని దగ్గర పెట్టుకో. నిర్మాత డేవిడ్ హేమన్, రచయిత స్టీవ్ క్లోవ్స్, ప్రొడక్షన్ డిజైనర్ స్టువర్ట్ క్రెయిగ్, ప్రధాన పాత్రలు వేసిన ముగ్గురు పిల్లలు పాతవారే. అయినా యూనిఫాం చొక్కాలు టక్ లేకుండా వేలాడాయి, బడి కాపలాదారు హాగ్రిడ్ గుడిసె స్కాట్లండ్‌లోని గ్లెన్‌కో కొండవాలుకు మారింది. జైలు నుంచి తప్పించుకున్న సిరియస్ బ్లాక్ గురించి, స్నేహితుడి తండ్రి వీజ్లీగారు హ్యారీని పక్కకు పిలిచి హెచ్చరించేటప్పుడు, షాట్‌ను ముక్కలు చేయకుండా కెమెరా ఇద్దరి వెంటా నడుస్తూ పోతుంది. దీనికి చెల్లించిన మూల్యమూ రాయాలి: బడిలో ఎవరెక్కడ ఉన్నారో చూపే మాయపటాన్ని తయారుచేసిన నలుగురు ఎవరో ఆ చిత్రం చెప్పనేలేదు, అందువల్ల వారిలో ఒకడైన ఉపాధ్యాయుడు లూపిన్‌కు దాన్ని వాడటం ఎలా తెలుసో నవల చదవనివారికి అంతుపట్టదు.

ఇక గిలియమ్ విషయానికి వస్తే, కథ మొత్తాన్ని తలకెత్తుకోకుండా మాంత్రికుల బ్యాంకు గ్రింగాట్స్ సన్నివేశం ఒక్కటే తీసుకో. కొలంబస్ దాన్ని లండన్‌లోని ఆస్ట్రేలియా హౌస్‌లో చిత్రించి, ఆ హాలు వైభవానికి పిల్లవాడు అబ్బురపడేలా చేశాడు. నవలలో తాళంచెవి కోసం హాగ్రిడ్ జేబులు దులిపితే, బూజుపట్టిన కుక్క బిస్కెట్లు బ్యాంకు నడిపే గాబ్లిన్ అనే పొట్టి జీవి లెక్కల పుస్తకం మీద పడతాయి. 1981లో 'టైమ్ బ్యాండిట్స్' కోసం కెమెరాను పిల్లవాడి ఎత్తుకు దించినవాడు, 1985లో 'బ్రెజిల్' తీసి దస్త్రాల రాజ్యాన్ని వెక్కిరించినవాడు ఆ బిస్కెట్ల దగ్గర అంత తొందరగా కదలడని నా నమ్మకం. అక్కడ అబ్బురం తగ్గి, ఆఫీసు గుమస్తా ముందు నిలబడ్డ అనాథ బాలుడి బెరుకు పైకి వచ్చేది.

కొలంబస్‌ను చులకన చేయడం ఈమధ్య ఒక ఫ్యాషన్ అయింది, నాకది నచ్చదు. 2011 దాకా ఎనిమిది చిత్రాలను మోసిన పిల్లలను ఎంపిక చేసి, ఓపికగా నటన నేర్పినవాడు అతనే. గిలియమ్ అయితే ఒక్క గొప్ప చిత్రం దక్కేదేమో గాని, ఆ వరుస మొత్తం నిలిచేదా అన్న అనుమానాన్ని నీ వ్యాసంలో దాచకు.

ముందుగా ఆ బ్యాంకు సన్నివేశాన్ని, ఏ షాట్ ఎవరి కంటితో చూస్తున్నదో స్పష్టమయ్యేటట్లు, రెండు పేజీలకు మించకుండా రాసి పంపు. మిగతా వ్యాసం సంగతి అది చదివాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ మేనమామ