ఇంటర్వ్యూలో చేతులు వణుకుతున్నాయి.. ఫ్రెండ్ ఇచ్చిన మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 24. మాది గుంటూరు బ్రాడీపేట. బీటెక్ అయింది. రాత పరీక్షలు బాగానే రాస్తాను. ఇంటర్వ్యూకి వెళ్తే మాత్రం గుండె దడ, నోరు ఎండిపోవడం, చేతుల వణుకు. తెలిసిన జవాబు కూడా నోట్లోంచి రాదు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. అక్కడ ఆయాసం వస్తుందేమోనని లోపలికి పిలిచే ముందు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ రెండు పఫ్‌లు పీలుస్తాను. రెండు వారాల్లో విజయవాడలో ఇంటర్వ్యూ ఉంది. గంట ముందు ప్రొప్రనొలాల్ వేసుకుంటే వణుకు పోతుందని ఫ్రెండ్ ఇచ్చింది. వేసుకోవచ్చా? నాకు నరాల బలహీనత ఉందా?
– ఓ పాఠకురాలు

డాక్టర్ సలహా: ముందు మాత్ర సంగతి. వేసుకోకండి. ప్రొప్రనొలాల్ అడ్రినలిన్ పనిని అడ్డుకుంటుంది. దడా వణుకూ తగ్గుతాయి కాబట్టి స్టేజీ భయం ఉన్న కొందరికి మేమూ రాస్తుంటాం. కానీ అది గుండెతో ఆగదు. ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు తెరుచుకోవడానికి తోడ్పడే బీటా-2 గ్రాహకాలను (కణాల మీద అడ్రినలిన్, మందులు అతుక్కునే చోట్లను) కూడా మూసేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు దీనివల్ల తీవ్రమైన ఆయాసం రావచ్చు. మీ ఇన్‌హేలర్ పనిచేయాల్సింది కూడా ఆ గ్రాహకాల మీదే. లోపల గడియ పెట్టేశాక బయట తాళం ఎంత తిప్పినా తలుపు రాదు కదా, ఇదీ అంతే. మీ ఫ్రెండ్‌కి పడిన మందు మీకు ప్రమాదం.

మీ ఉత్తరంలో నాకు అసలు పట్టుకున్న మాట వేరే ఉంది. లోపలికి పిలిచే ముందు రెండు పఫ్‌లు అన్నారు చూశారూ, అది. సాల్బుటమాల్ గాలి గొట్టాలతో పాటు చేతుల కండరాల మీదా పనిచేస్తుంది. కొందరికి పీల్చిన కొద్ది నిమిషాల్లోనే వేళ్లు సన్నగా వణుకుతాయి, గుండె వేగం పెరుగుతుంది. భయంతో ఎలాగూ అడ్రినలిన్ పొంగుతున్న సమయంలో మీరు దానికి తోడు ఇంకో మందు ఇస్తున్నారు. దానికి ముందు టిఫిన్ మానేసి బస్టాండులో ఓ స్ట్రాంగ్ టీ కూడా తాగి ఉంటే ఇక చెప్పేదేముంది!

ఇంట్లో ఎప్పుడైనా నిజంగా ఆయాసం వచ్చి ఇన్‌హేలర్ వాడినప్పుడు, కాస్త తేరుకున్నాక రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పరిచి చూడండి. కాగితం అంచు అల్లల్లాడితే మీ వణుకులో ఇన్‌హేలర్ వాటా ఉన్నట్టే. ఏ మందూ వాడకుండా, మనసు ప్రశాంతంగా ఉన్న రోజు కూడా కాగితం అలాగే ఊగుతోందా? బరువు తగ్గడం, వేడికి తట్టుకోలేకపోవడం కూడా ఉన్నాయా? అప్పుడు థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాలి. నరాల బలహీనత అని ఎవరైనా బలం ఇంజెక్షన్లు రాస్తే మాత్రం డబ్బు వృథా చేసుకోకండి.

అలాగని ఇన్‌హేలర్ మానేయమనడం లేదు. బ్యాగులో ఉండాల్సిందే. పిల్లికూతలు, దగ్గు, ఛాతీ బిగపట్టడం ఉంటే వెంటనే వాడండి. వేళ్ల చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కి, ఎంత పీల్చినా గాలి చాలనట్టు అనిపిస్తే అది ఎక్కువగా కంగారులో వేగంగా ఊపిరి తీయడం వల్ల వచ్చేది. రెండూ కలిసి కూడా రావచ్చు, తేడా తెలియకపోతే ఇన్‌హేలర్ వాడటమే మేలు. ఉబ్బసానికి సాల్బుటమాల్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని ‘గినా’ అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచీ చెబుతున్నాయి. మీరు ఇప్పటికీ అదొక్కటే వాడుతుంటే ఇంటర్వ్యూకి ముందే ఛాతీ వైద్యుణ్ని కలవండి. ఉబ్బసం అదుపులో ఉందన్న ధీమా వస్తే మీ భయంలో సగం పోతుంది.

ఇక భయం. దడ పూర్తిగా పోవాలని పట్టుబట్టకండి. గుండె కొట్టుకుంటూ ఉండగానే మాట్లాడటం అలవాటు చేసుకోవాలి. ఛాతీ వైద్యుడు సరే అంటే రెండు అంతస్తుల మెట్లు చకచకా ఎక్కి, పైకి వెళ్లిన వెంటనే ‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకు గట్టిగా జవాబు చెప్పండి. ఎదురుగా మీ పిన్నినో బాబాయినో కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది. మొదట్లో నవ్వొస్తుంది, ఫర్వాలేదు. జవాబులు కళ్లతో చదువుకున్నవాళ్లే ఎక్కువగా లోపల తడబడతారు. నోటితో నాలుగుసార్లు చెప్పిన మాట అంత తేలిగ్గా జారిపోదు.

‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అని అందరూ చెబుతారు. నేను చెప్పను. మెల్లగా వదలడమే ముఖ్యం. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు ఊపిర్లు వస్తాయి, గుండె వేగం నెమ్మదిస్తుంది. రోజూ రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు చేయండి. ఇంటర్వ్యూ రోజు అక్కడ హాల్లో కూర్చుని మొదటిసారి మొదలుపెడితే పనిచేయదు.

ఆ రోజు రెండు ఇడ్లీలైనా తిని బయల్దేరండి. టీ తిరుగు ప్రయాణంలో తాగొచ్చు. వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మీ ప్రాక్టీసంతా గాలికి పోతుంది, అందుకని ఓ గంట ముందు బస్సెక్కండి. ఎండలోంచి వచ్చి నేరుగా ఏసీ కింద కూర్చోకండి, చల్లగాలి కొందరికి ఉబ్బసాన్ని రేపుతుంది. లోపల కాగితాలు చేత్తో పట్టుకోకుండా ఫైలు ఒళ్లో పెట్టుకోండి. జవాబు తట్టకపోతే ‘ఒక్క క్షణం ఆలోచించి చెప్తానండి’ అనండి, ఎవరూ తప్పు పట్టరు. మందుల షాపులో అల్‌ప్రజొలామ్ లాంటి కంగారు తగ్గించే మత్తు మాత్రలు అడిగి వేసుకోకండి. అవి భయంతో పాటు జ్ఞాపకాన్నీ మందగిస్తాయి.

ఇంటర్వ్యూల్లోనే కాదు, ఫోన్‌లో మాట్లాడాలన్నా, పదిమందిలో భోంచేయాలన్నా ఇదే భయం ఆరు నెలలకు పైగా ఉంటే సోషల్ యాంగ్జైటీ కావచ్చు. సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి దీనికి బాగా పనిచేస్తుంది. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లడానికి ముందు మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.