అద్దకం గుడ్డతో పాతకాలపు గౌను కుట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇంగ్లండులో మీ స్నేహితులు చేసుకుంటున్న పాతకాలపు వేషాల విందుకు 1780ల నాటి గౌను నీ చేత్తోనే కుట్టుకుంటానని పట్టుబట్టావనీ, దానికి మచిలీపట్నం పక్కనున్న మన పెడన అద్దకం గుడ్డే కావాలంటున్నావనీ మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. వాడు నవ్వుతూనే చెప్పాడు కానీ నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఇంటి పిల్ల ఈ గుడ్డను కోరి అడిగినందుకు కలిగిన సంతోషం సగం అయితే, కత్తెర నీ చేతికి వచ్చాక ఆ గుడ్డ గతి ఏమవుతుందోనన్న బెంగ మిగతా సగం. నాకు గౌన్ల సంగతి నువ్వు పంపిన బొమ్మల్లో చూసినంత వరకే తెలుసు. గుడ్డ సంగతి మాత్రం తెలుసు కనుక ఈ ఉత్తరం ఎక్కువగా దాని గురించే ఉంటుంది.

ముందుగా ఒక్క మాట. నువ్వు చేస్తున్నది వింత కాదు, ఆ గౌనుకు ఆ గుడ్డ సరైనదే. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు మచిలీపట్నంలో వర్తకపు కొఠీ పెట్టింది 1611లో. డచ్చి వాళ్ళు అంతకు ముందే, 1605లో వచ్చారు. మన తీరం నుంచి వెళ్ళిన పూల గుడ్డ అక్కడి ఆడవాళ్ళకు ఎంతగా నచ్చిందంటే, అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టి 1700లో ఒకటి, 1721లో ఒకటి నిషేధపు చట్టాలు చేయించారు. 1774లో సడలింపు వచ్చినా అది వాళ్ళ దేశంలో తయారైన నూలు గుడ్డలకే గాని మన గుడ్డలకు కాదు. ఆ మరుసటి ఏడే లండన్‌లో డేవిడ్ గారిక్ అనే పేరుమోసిన నటుడి భార్యకు కలకత్తా వర్తకులు కానుకగా పంపిన మచిలీపట్నం మంచం తెరలను సుంకం అధికారులు పట్టుకున్నారు. అవి ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. రైలెక్కి ఒకసారి చూసి రా. నువ్వు ఆ రోజుల్లో ఈ గౌను వేసుకొని వీధిలోకి వచ్చి ఉంటే అది మన తీరపు గుడ్డ అని తెలిసినవాళ్ళు దొంగచాటుగా ఒడ్డు చేరిన సరుకనే అనుకునేవారు. విందులో ఎవరైనా అడిగితే ఈ మాట చెప్పు.

గుడ్డ ఎంపికలో తొందర వద్దు. ఆ కాలపు గౌన్లలో నీకు కనబడేవి తెల్లని నేల, అంటే పూల వెనుక కనబడే గుడ్డ రంగు, దాని మీద ఎడంగా పాకే తీగలు, చిన్న చిన్న పూల రెమ్మలు. ఇప్పుడు దుకాణాల్లో విరివిగా దొరికే ముదురు నేల, ఏనుగుల వరసలు, కిక్కిరిసిన అచ్చులు ఆ గౌనుకు కుదరవు. అప్పటి ఎగుమతి గుడ్డలో చాలా భాగం కలంతో గీసి, నీలం పడకూడని చోట మైనం పూసి, నీలిమందు తొట్టిలో ముంచి చేసినది. ఇప్పుడు పెడనలో చేసేది చెక్క అచ్చుల పని. ఆ తేడా తెలిసిన వాళ్ళు ఎదురైతే దాచకుండా ఒప్పుకో. అచ్చులకు బదులు స్క్రీను పట్టి రంగు పులిమి కలంకారీ పేరుతో అమ్మే గుడ్డ మాత్రం చవకగా వచ్చిందని కొనకు. ఎండలో నిలబడి పనిచేసే మనుషుల పొట్ట కొట్టే సరుకు అది. ఈ విషయంలో నేను మెత్తబడను.

కొలతలు ఇంకొకరి చేత తీయించుకో. లోపలి లంగా, నడుము బిగించే లోపలి కట్టు వేసుకున్నాకే గౌను కొలతలు తీయించు. ముందు పాత దుప్పటితో ఒక నమూనా కుట్టి చూసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియదని నాకు భయంగా ఉన్నది లైనింగు సంగతి. దీనికి మీ మేనత్త కథ చెప్పాలి. మా ఇంట్లో సూది పని ఆమెదే. పెద్దకూతురికి ఓణీ వేసినప్పుడు పరికిణీ బయట కుట్టించనని పంతం పట్టి, మీ తాతయ్య స్వయంగా అచ్చు వేసిన గుడ్డ తీసుకుంది. ఎర్రటి పూలకు నల్లని గీత, అంచున మామిడి పిందెలు. పట్నంలో ఒక దుకాణంలో తెల్లని మల్లు గుడ్డ లైనింగుకు కొన్నది. ఉతకాలా అని అడిగితే, ఉతికిన సరుకేనని అమ్మినవాడు చెప్పాడట. ఆమె నమ్మింది. రెండు గుడ్డలనూ కలిపి కచ్చా కుట్లు వేసి, కుచ్చిళ్ళు పట్టి, అంచంతా చేత్తో హెమ్మింగు చేసింది. ఆ రోజు పిల్లను చూసిన ప్రతి ఆడమనిషీ అంచు తిరగేసి కుట్టు చూసినవారే. పాయసం ఒలికిందని మర్నాడు ఆ పరికిణీని నీళ్ళలో పెట్టారు. ఆరేసరికి గుడ్డంతా ముడతలు తేలి, అంచు మెలికలు తిరిగి, తొడగడానికి వీలు లేకుండా పోయింది.

మీ మేనత్త నేరుగా వచ్చి తాతయ్య ముందు దాన్ని పడేసి, నాన్నా, నీ గుడ్డ ముడుచుకుపోయిందని ఏడ్చింది. ఆయన ఏమీ అనలేదు. టేపు తెచ్చి, ఒక పక్క కుట్టు విప్పి, పై గుడ్డను కొలిచాడు. కత్తిరించినప్పటి కొలతే ఉంది. లైనింగు కొలిచాడు, నాలుగు వేళ్ళు తగ్గింది. అద్దకం గుడ్డ ఆమె చేతికి రాకముందే కరక్కాయ రసంలో నాని, అచ్చు వేసిన తరువాత కాలువలో జాడించబడి, రాగి కాగులో ఎర్రరంగులో ఉడికి, మళ్ళీ కాలువ చేరి, ముడుచుకోవలసినదంతా ఎప్పుడో ముడుచుకుంది. నీళ్ళు ముట్టనిది లోపలి తెల్ల గుడ్డ ఒక్కటే. అది తాను కుంచించుకుపోతూ పై గుడ్డను తనతో లాక్కుపోయింది. మీ మేనత్త వేసిన కుట్టు గట్టిది కనుకనే నష్టం ఎక్కువైంది; వదులు కుట్టు అయితే ఎక్కడో పుటుక్కుమని ఊరుకునేది. ఆమె దసరా సెలవులంతా కూర్చొని కుట్లన్నీ విప్పి, లైనింగు ఉతికి తిరిగి కుట్టింది. కాని దగ్గర నేత గుడ్డలో సూది బెజ్జాలు పూడవు. ఆ వరస ఇప్పటికీ అంచు మీద కనబడుతుంది. ఆమె ఆ పరికిణీని ఎవరికీ ఇవ్వలేదు, తానూ బయటకు తీయదు. కిందటిసారి నువ్వు వచ్చినప్పుడు బీరువాలో ఏముందని అడిగితే మాట మార్చింది గుర్తుందా, అదే ఇది. నేను చెప్పానని మాత్రం అనకు.

నీ గౌను పైభాగం లైనింగు అవిసె నార గుడ్డ అని రాశావు. నార గుడ్డ మొదటి ఉతుకులో నూలు కంటే ఎక్కువే ముడుచుకుంటుంది. కనుక దానిని వేడినీళ్ళలో ఒకటికి రెండుసార్లు ఉతికి, ఆరవేసి, ఇస్త్రీ చేసిన తరువాతే సుద్దముక్క పట్టుకో. అద్దకం గుడ్డను రాత్రంతా చన్నీళ్ళలో విడిగా నానబెట్టు. గంజి పోతుంది, మిగులు ఎరుపు ఉంటే దిగిపోతుంది. అక్కడి నీళ్ళలో సున్నం ఎక్కువని బెంగపడకు, ఎరుపుకు సున్నం మేలే చేస్తుంది. పూర్వం ఈ తీరపు ఇసుక నేలల్లో పెరిగే, ఎరుపు రంగునిచ్చే చిరువేరుకు అంత పేరు రావడానికి ఆ సున్నమూ ఒక కారణమని మా పెద్దలు చెప్పేవారు. నిమ్మరసం, వెనిగరు దగ్గరికి రానివ్వకు. తుప్పు పట్టిన గుండుసూది అసలే గుచ్చకు. కరక్కాయ ఎక్కిన గుడ్డకు ఇనుము తడితో తగిలిందంటే నల్లమచ్చ పడుతుంది, మేము ఇనుప తుక్కును బెల్లంతో ఊరబెట్టి నల్లరంగు చేసేది ఆ గుణం వల్లనే. ఆ కాలంలో గౌను ముందు భాగాన్ని గుండుసూదులతోనే మూసేవారని నువ్వే చెప్పావు కదా, అప్పటి సూదులు ఇత్తడివి. నువ్వూ ఇత్తడివే కొనుక్కో. నాట్యం చేసేటప్పుడు గుచ్చుకుంటుందని భయమైతే లోపల హుక్కులు కుట్టుకొని పైకి సూదులు చూపించు. ఎవరూ నిన్ను జైలులో పెట్టరు.

ఇక కత్తెర. ఆ రోజుల్లో కుట్టుకూలి చవక, గుడ్డ ఖరీదు. అందుకే వీపు మీది కుచ్చిళ్ళను కత్తిరించకుండా మడిచి కుట్టేవారు, పాతబడ్డాక విప్పి కొత్త తీరుగా మళ్ళీ కుట్టుకునేవారు. నువ్వూ అలాగే చెయ్యి. లంగా భాగానికి నిలువు పన్నాలు పన్నాలుగానే ఉంచు, ఏటవాలుగా కోయకు. ప్రతి పన్నా పరిచినప్పుడు తీగ ఏ వైపు పాకుతున్నదో చూడు. ఒక పన్నాలో పూలు నింగికి, పక్క పన్నాలో నేలకు చూస్తే ఎంత మంచి కుట్టూ దానిని కాపాడలేదు. కుట్టుకు గుడ్డ ధారాళంగా వదులు. మిషను ఆ కాలానికి పుట్టలేదు గనుక పైకి కనబడే కుట్లు చేత్తో వెయ్యి. లోపలి పొడవాటి కుట్లకు మిషను వాడితే నేను ఎవరికీ చెప్పను. దారానికి తేనెమైనం రాయి, చిక్కు పడదు.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. అక్కడ కొవ్వొత్తులు వెలిగిస్తారని విన్నాను. నేను కాగుల దగ్గర కట్టెల మంటతో బతికినవాణ్ణి; నూలు గుడ్డ అంచుకు నిప్పు అంటుకుంటే ఎంత త్వరగా పైకి పాకుతుందో కళ్ళారా చూశాను. నీ గౌను వెడల్పు నీకు అలవాటు లేనిది, నువ్వు ఎక్కడ నిలబడ్డావో నీకు తెలిసినా నీ అంచు ఎక్కడ ఉన్నదో తెలియదు. కొవ్వొత్తులు బల్ల మీద ఎత్తున, గాజు బుడ్డిలో ఉండేటట్టు ముందే చెప్పు. చెప్పడానికి మొహమాటపడితే నేను మీ నాన్న చేత చెప్పిస్తాను. చలికి లోపల దూది పెట్టి కుట్టిన లంగా వేసుకో, అదీ ఆ కాలపు పద్ధతేనట. నీకు చిన్నప్పటి నుంచి గాలి పడదు.

గౌనుకూ, పై నుంచి కనబడే లంగాకూ కలిపి నలభై నాలుగు అంగుళాల పన్నా గుడ్డ ఏడెనిమిది మీటర్లు పడుతుందని నా లెక్క. మరొక మీటరు అదనంగా వేయిస్తాను, పొరపాటు నీదైనా ముక్క నా దగ్గర నుంచే వెళ్ళాలి. నేల తెలుపా, లేత పసుపు చాయా అన్నది నువ్వు తేల్చుకోవాలి. కరక్కాయ వల్ల పాలతెలుపే వస్తుంది, కాగితం తెలుపు రాదు, అది కావాలనకు. నచ్చిన తీగ బొమ్మ ఈ వారంలోనే పంపు. వానలు పట్టుకుంటే ఎండ ఉండదు, ఎండ లేకపోతే అద్దకం ఆగిపోతుంది, ఆ తరువాత నువ్వు ఎంత తొందరపెట్టినా నా చేతుల్లో ఏమీ ఉండదు. గుడ్డ అందగానే దాన్నీ లైనింగునూ ఉతికి, ముందూ వెనుకా కొలిచి, ఆ రెండు అంకెలూ నాకు రాయి. అవి చూసి నేను సరేననే దాకా కత్తెర తీయవద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న