హెపటైటిస్ బి క్యారియర్ అన్నారు, ఎస్‌జీపీటీ నార్మల్. ఇది ఎన్నేళ్లకి ముదురుతుంది?

ఎన్నేళ్లకి అని లెక్క కట్టి చెప్పేవాళ్లని నమ్మకండి. ఈ లివర్ వైరస్ ఒంట్లో ఉండిపోయినవాళ్లనే క్యారియర్ అంటారు. ఎస్‌జీపీటీ అంటే లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్. ఇది వరసగా ముదిరే జబ్బు కాదు. ఏళ్ల తరబడి కిక్కురుమనదు, ఉన్నట్టుండి లేస్తుంది, మళ్లీ అణుగుతుంది. లేచినప్పుడల్లా లివర్ మీద ఇంత మచ్చ మిగిల్చి పోతుంది.

మా బావగారిది చెన్నైలో, అంబత్తూరులో లేత్ వర్క్‌షాపు. రక్తదానం చేస్తే ఈ వైరస్ ఉన్నట్టు బయటపడింది. అప్పటి డాక్టరు ఎస్‌జీపీటీ ఒక్కటి చూసి "క్యారియరే, ఏం కాదు" అని పంపేశాడు. ఫైలు బీరువాలో అక్క పట్టుచీరల కిందకి పోయింది. పైగా పక్కింటావిడ రోజూ కీళానెల్లి, అదే మన నేల ఉసిరి, నూరి మజ్జిగలో కలిపి పంపేది. 1988లో మద్రాసు పరిశోధకులు దానితో చాలామంది క్యారియర్లలో వైరస్ ఆనవాలు పోయిందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిన మాట నిజమే. తర్వాత వేరే దేశాల్లో చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. ఈ రెండో ముక్క మాత్రం వాట్సాప్‌లో ఎవరూ పంపరు!

కాళ్లు వాచాక గానీ లివర్ డాక్టర్ దగ్గరికి కదల్లేదు. ఫైబ్రోస్కాన్‌కి, అంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్‌కి, నేనే తీసుకెళ్లా. కుడిచెయ్యి తల వెనక్కి పెట్టించి, పక్కటెముకల సందులో జెల్ రాసి, ప్రోబ్ ఆనించి టక్ టక్‌మని కొడుతుంటే "ఇంతేనా, నొప్పే లేదే" అని నవ్వాడు బావ. రిపోర్టులో సిరోసిస్, అంటే మచ్చలు పేరుకుని లివర్ గట్టిపడిపోవడం. ఎస్‌జీపీటీ ఆ రోజు కూడా కాస్తే ఎక్కువ. అందుకే ఆ ఒక్క అంకె చూసి నిద్రపోకండి. హెచ్‌బీవీ డీఎన్‌ఏ (రక్తంలో వైరస్ మోతాదు) ఎంత, ఈ-యాంటిజెన్ (వైరస్ జోరుగా పెరుగుతుంటే కనిపించే ప్రొటీన్) ఉందా, స్కాన్ ఎప్పుడెప్పుడు అని మీ డాక్టర్ని పట్టుకుని అడగండి. ఈ వైరస్‌తో సిరోసిస్ రాకుండానే క్యాన్సర్ కూడా రావచ్చు.

ఇప్పుడు టెనోఫోవిర్ అనే వైరస్ మందుతో బావకి వైరస్ బాగా తగ్గింది. "తగ్గింది కదా, ఆపేద్దామా" అంటాడు అప్పుడప్పుడు. సొంతంగా ఆపితే ఒక్కసారిగా తిరగబెడుతుంది, అక్క ఊరుకోదు.

ఇక చుట్టాలు. "ఎక్కడ తిరిగాడో" అని గుసగుసలు. పెద్దయ్యాక అంటుకుంటే నూటికి 95 మందికి పైగా దానంతటదే పోతుంది. పుట్టినప్పుడు అంటుకుంటేనే నూటికి 90 మందిలో ఉండిపోతుంది. బావ వాళ్లమ్మగారికీ తమ్ముడికీ టెస్టు చేయిస్తే ఇద్దరికీ పాజిటివే, అంటే బావకి పుట్టినప్పుడే అంటుకుని ఉంటుంది. మీ ఇంట్లోనూ అందరికీ చేయించండి, నెగటివ్ వచ్చినవాళ్లకి టీకా వేయించండి. అక్క మూడు డోసులూ వేయించుకుంది. కంచంలోంచి అంటుకునే జబ్బు కాదిది. గృహప్రవేశంలో బావకి మాత్రం పేపర్ ప్లేటు పెట్టిన మా పిన్నికి టీకా అంటే భయమట, సూది గుచ్చుతారని.